ఉప్పు కలపని పిండి

ఆ ఆసుపత్రిలో ఆమెను అందరూ తాళాలమ్మ అనేవాళ్ళు. మొదట వెనకాల అన్నారు, ఆ తర్వాత ఎదురుగానే అన్నారు. ఆమె కూడా పలికేది. పేరుకు తగ్గ పనే మరి. రోగుల వివరాలు బయటికి పోకుండా కంప్యూటర్లకు కాపలా కాయడం, రెండువందల పన్నెండు మంది సిబ్బందికి ఆ జాగ్రత్తలు నేర్పడం. అంతకు ముందు ఏడాది, రెండు వీధుల అవతల ఉన్న మరో ఆసుపత్రిలో ఎవరో గుమాస్తా తెలియని మెయిల్ ఒకటి తెరిచాడు. తెల్లారేసరికి అక్కడి ఫైళ్ళన్నిటికీ బయటివాళ్ళెవరో తాళం వేసి కూర్చున్నారు. మూడు వారాల పాటు డాక్టర్లు ఎవరికి ఏ మందు పడదో రోగుల్నే అడిగి కాగితం ముక్కల మీద రాసుకున్నారు. ఆ భయం మీద ఈమెను ఏడాది ఒప్పందంతో తీసుకున్నారు.

మొదటి క్లాసు భోజనాలయ్యాక పెట్టారు. తెర మీద పాతిక మాటలు, ఒక్కోదానికి రెండేసి పంక్తుల అర్థం. "ఎన్‌క్రిప్షన్ అనగా సమాచారమును అనధికార వ్యక్తులకు అర్థముకాని రూపములోనికి మార్చు ప్రక్రియ" అని ఆమె చదువుతుంటే ముందు వరసలో నర్సు ఒకామె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని హాయిగా నిద్రపోయింది. ఎక్స్‌రే గది అతను లేచి, "మేడమ్, మా పాస్‌వర్డ్‌కి ఏ ఢోకా లేదు. మర్చిపోకుండా మానిటర్ మీదే అతికించాం" అన్నాడు. గది మొత్తం నవ్వింది. తాళాలమ్మకు తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అందరూ వెళ్ళాక వెనక వరసలోంచి ఒకామె నింపాదిగా వచ్చింది. యాభై నాలుగేళ్ళుంటాయి. మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు, మోచేతుల దాకా పాత కాగితాల దుమ్ము. ఇరవై ఆరేళ్ళుగా రికార్డుల గదిలో పని చేస్తున్న మనిషి. డాక్టర్లతో సహా అందరికీ ఆమె రికార్డుల అక్కే.

"అమ్మాయ్, నువ్వు చెప్పిన సంగతి మంచిదే. చెప్పిన భాషే ఎవరిదో తెలీలేదు" అంది.

"మరి ఎలా చెప్పాలక్కా?"

"రేపు భోజనం డబ్బా తెచ్చుకుని కిందికి రా. చూద్దాం."

రికార్డుల గది నేల కింద ఉంటుంది. ఇనుప అరల మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు. ఒక మూల తేమ పీల్చే యంత్రం రోజంతా గురక పెడుతూ ఉంటుంది. ఆ యంత్రం పక్కన రెండు కుర్చీలు వేసుకుని, ఇద్దరూ రెండు నెలల పాటు భోజనం వేళల్లో ఒక చిన్న పుస్తకం తయారుచేశారు. నీలం అట్ట, ముప్పై రెండు పేజీలు. తాళాలమ్మ విషయం చెప్పేది, అక్క దాన్ని మనుషులు మాట్లాడుకునే మాటల్లో పెట్టేది. ఎన్‌క్రిప్షన్ అంటే ఉత్తరాన్ని పెట్టెలో పెట్టి తాళం వెయ్యడం, పెట్టె ఎవరి చేతిలో పడ్డా తాళంచెవి లేనిదే లోపలి మాట దక్కదు. రెండంచెల నిర్ధారణ అంటే గేటుకో తాళం, గుమ్మానికో తాళం, ఆ రెండు చెవుల్నీ ఒకే గుత్తికి తగిలించుకోకూడదు. ఫిషింగ్ అంటే గాలం, చేపకు ఏది ఇష్టమో తెలిసినవాడే వేస్తాడు.

హాష్ దగ్గర మాత్రం రెండు రోజులు ఆగిపోయారు.

"దాన్ని వెనక్కి తిప్పలేం అక్కా. పేరు ఇస్తే దాని బదులు పిచ్చి అక్షరాల వరస ఒకటి వస్తుంది. ఆ వరస చూసి పేరు కనుక్కోలేం. అదే పేరు మళ్ళీ ఇస్తే మాత్రం మళ్ళీ అదే వరస వస్తుంది" అంది తాళాలమ్మ.

అక్క నములుతున్న ముద్ద ఆపి ఆలోచించింది. "పిండి అన్నమాట. గింజలు మరలో పోస్తే పిండి వస్తుంది. పిండిని మళ్ళీ గింజలు చెయ్యలేం. అవే గింజలు పోస్తే అదే పిండి."

"అంతే."

"మరి దొంగ దగ్గర అన్ని రకాల గింజలూ ఉంటే? ఒక్కోటి మరలో పోసి, వచ్చిన పిండిని నీ పిండి పక్కన పెట్టి చూసుకుంటాడు కదా. ఏ గింజో తెలిసిపోతుంది."

తాళాలమ్మ తన డబ్బా పక్కన పెట్టేసింది. కాలేజీలో ఆ ప్రశ్న తన తరగతి మొత్తంలో ఒక్కరికీ రాలేదు. "అందుకే మరలో పోసేటప్పుడు మనకి మాత్రమే తెలిసిన ఉప్పు ఇంత కలుపుతాం అక్కా. నిజంగానే దాన్ని ఉప్పు అనే అంటారు. అప్పుడు దొంగ ఎన్ని గింజలు ఆడించినా మన పిండితో కలవదు."

"ఇదీ రాయి. ఇది రాయకపోతే సగం చెప్పి వదిలేసినట్టే" అంది అక్క.

పుస్తకం అచ్చయ్యాక క్లాసులు నడిచాయి. ఎక్స్‌రే గది అతను మానిటర్ మీది కాగితం పీకేశాడు. వార్డు నర్సులు ఒకరినొకరు "నీ తాళాలు నువ్వే పెట్టుకో తల్లీ" అని ఎగతాళి చేసుకునేవాళ్ళు. అట్ట మీద తాళాలమ్మ పేరొక్కటే పడింది. రెండో పేరు వెయ్యడానికి పై నుంచి అనుమతి రాలేదన్నారు. "నా పేరు ఇరవై ఆరేళ్ళుగా అట్టల వెనకే ఉంది" అని అక్క తేలిగ్గా తీసేసింది.

ఆ భోజనాల వేళల్లోనే అక్క తన ఇంటి సంగతి కొంచెం కొంచెంగా చెప్పింది. భర్త టైలరు. బస్సులో అయిదు గంటల దూరంలో ఉన్న ఊళ్ళో, కింద దుకాణం, పైన ఇల్లు. ఆరేళ్ళుగా ఆయన చూపు అంచుల్లోంచి లోపలికి మూసుకొస్తోంది. ఇప్పుడు ఎదురుగా చారెడు మేర మాత్రం కనబడుతుంది.

"ఇక్కడికి తెచ్చుకోవచ్చు కదా" అంది తాళాలమ్మ.

"ఆ ఇంట్లో ఆయనకి కళ్ళతో పని లేదమ్మాయ్. మంచం నుంచి కుళాయికి ఏడడుగులు. మెట్లు పదకొండు. కత్తెర ఎక్కడుందో, సూదుల డబ్బా ఎక్కడుందో చెయ్యి చాపితే అందుతాయి. ఇక్కడికి తెస్తే మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి చంపినట్టే. అందుకే నేనే అక్కడున్న మన ఆసుపత్రి శాఖకి బదిలీ అడిగాను. మూడేళ్ళయింది." అక్క డబ్బా మూత పెడుతూ నవ్వింది. "రోజూ పొద్దున కంప్యూటర్ పెట్టగానే ముందు అదే చూస్తాను. బదిలీల జాబితా అని ఏమైనా వచ్చిందా అని. డాక్టర్లు పిలుస్తున్నా సరే, ముందు అదే."

తాళాలమ్మ కూడా నవ్వింది. అప్పటికి ఆ మాట మనసులో ఎక్కడా గుచ్చుకోలేదు.

వేసవి చివర్లో తనిఖీ బృందం వస్తోందని కబురొచ్చింది. సిబ్బంది మోసపు మెయిళ్ళను పసిగట్టగలరో లేదో పరీక్షించి చూపాలి. అంటే ఆసుపత్రే ఒక దొంగ మెయిల్ తయారుచేసి తన మనుషుల మీదికి వదలాలి. మొదటిసారి తాళాలమ్మ "మీ పార్శిల్ దారిలో ఆగిపోయింది, ఇక్కడ నొక్కండి" అని పంపింది. తొమ్మిది మంది నొక్కారు. రికార్డుల అక్క నొక్కలేదు సరికదా, "పంపినవాడి చిరునామాలో ఒక అక్షరం ఎక్కువుంది, చూడు" అని తిరుగు జవాబు రాసింది.

పాలనాధికారి ఆ లెక్క చూసి పెదవి విరిచాడు. ఆయన గొంతు పెంచగా ఎవరూ వినలేదు. మాట్లాడుతున్నంతసేపూ మెత్తటి గుడ్డతో బల్ల తుడుచుకుంటూ ఉంటాడు.

"తొమ్మిది మందేనా? తనిఖీ వాళ్ళు నమ్మరమ్మా. గాలానికి ఎరే లేదంటారు" అన్నాడు.

"మన వాళ్ళు బాగా నేర్చుకున్నారు సార్."

"నిజం దొంగ పార్శిల్ అని వస్తాడా? వీళ్ళకి ఏం కావాలో కనుక్కుని వస్తాడు. నువ్వే రాశావు కదా పుస్తకంలో. ఆ పని చెయ్యి."

ఆ మాట ఆమెకు రోషం తెప్పించింది. మెట్లు దిగుతూ ఉండగానే తట్టింది. సిబ్బందిలో సగం మంది ఏదో ఒక ఊరికి బదిలీ అడిగినవాళ్ళే. ఆ క్షణంలో ఆమెకు కలిగింది సంకోచం కాదు, సరిగ్గా పట్టే తాళంచెవి చేతికి తగిలిన పనివాడి సంతోషం. రికార్డుల గదిలో డబ్బా మూత పెడుతూ నవ్విన ముఖం గుర్తుకు రాలేదా అంటే వచ్చింది. "అక్క పడదులే, అందరికన్నా బాగా తెలిసిన మనిషి" అనుకుంది.

ఒక్క షరతు మాత్రం పెట్టింది. ఎంతమంది పడ్డారో చెబుతుంది గాని, ఎవరు పడ్డారో చెప్పదు.

"పేర్లు నాకెందుకమ్మా" అన్నాడు పాలనాధికారి. "కాకపోతే వచ్చేసారి మళ్ళీ వీళ్ళే పడ్డారా, కొత్తవాళ్ళా అన్నది తెలియాలి కదా. దానికేదో దారి చూడు."

దారి ఆమెకు తెలిసిందే. ఉద్యోగి నంబర్లను హాష్ చేసి ఆ వరసలు మాత్రమే ఇస్తే సరిపోతుంది. ఏదో ఒక రోజు పరీక్ష ఉంటుందనీ, పడినవాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవనీ తన సంతకంతో నోటీసు పెట్టింది. అందరూ ఆమె మాట నమ్మారు.

మెయిల్ సోమవారం పొద్దున పదింటికి వెళ్ళింది. "బదిలీల జాబితా విడుదల." నొక్కితే సిబ్బంది విభాగం పేజీని అచ్చుగుద్దినట్టున్న పేజీ తెరుచుకుంటుంది. ఉద్యోగి నంబరు కొడితే "మీ పేరు జాబితాలో ఉంది. నిర్ధారణకు పాస్‌వర్డ్ ఇవ్వండి" అని వస్తుంది. ఏ నంబరు కొట్టినా అదే వస్తుంది. పాస్‌వర్డ్ కూడా కొడితే అప్పుడు నవ్వుతున్న చేప బొమ్మ, దాని కింద "ఇది పరీక్ష మాత్రమే. మీరు గాలానికి చిక్కారు." ఆ చేప బొమ్మను ఆమె ముచ్చటపడి వెతికి మరీ పెట్టింది.

మధ్యాహ్నం మూడున్నరకల్లా అరవై ఒక్క మంది పడ్డారు. ఒక్కొక్కరు ఎప్పుడు నొక్కారో, ఎప్పుడు పాస్‌వర్డ్ కొట్టారో వరసగా తెర మీద కనబడుతున్నాయి. అందరికీ రెండింటి మధ్య తేడా పది సెకన్లో, ఇరవై సెకన్లో. పదిహేడో పంక్తిలో మాత్రం పది పన్నెండుకు నంబరు కొట్టారు, పది ముప్పై ఒకటికి పాస్‌వర్డ్. మధ్యలో పందొమ్మిది నిమిషాలు. ఆ నంబరు ఎవరిదో చూడకూడదన్నది ఆమె తనకు తాను పెట్టుకున్న నియమం. చూసింది. రికార్డుల అక్కది.

సాయంత్రం అయిదింటిలోగా పాలనాధికారికి నివేదిక పంపాలి. అక్క నాలుగున్నరకు వెళ్ళిపోతుంది. అంతలోపు కిందికి వెళ్ళి ఒక మాట చెప్పాలి. నంబర్లను మరలో పోసి వరసలు తీసింది. ఉప్పు కలపాలంటే మరో అరగంట పని, కలిపింది పనిచేస్తోందో లేదో సరిచూడటం అదనం. లోపలి కాగితమే కదా, ఎవరు పట్టించుకుంటారు, వచ్చేసారి కలుపుదాం అనుకుంది. నాలుగూ పదికి నివేదిక పంపేసి పరుగున కిందికి దిగింది. గది తాళం వేసి ఉంది. ఒంట్లో బాగాలేదని అక్క మూడింటికే వెళ్ళిపోయిందట.

మర్నాడు భోజనం వేళకు వెళ్ళేసరికి అక్క బల్ల దగ్గర పాత ఫైలు కుడుతోంది. రెండో కుర్చీ మీద ఫైళ్ళు పేర్చి ఉన్నాయి. వాటిని తియ్యలేదు.

"అక్కా" అంది తాళాలమ్మ నిలబడే.

"చిరునామాలో అక్షరం తేడా చూశాను" అంది అక్క తలెత్తకుండా. "చూసుకోలేదని అనుకుంటావేమో. చూశాను. నువ్వు నేర్పినట్టే ఒక్కో అక్షరం వేలు పెట్టి చదివాను. తప్పని తెలిసింది."

"మరి ఎందుకు నొక్కారక్కా?"

"ఒకవేళ నిజమైతే?"

అక్క సూదిలోకి కొత్త దారం ఎక్కించింది.

"నీ పేరు ఉంది అని వచ్చింది. ఇంక మిగతాది చదవలేదు. వరండాలోకి వెళ్ళి ఆయనకి ఫోన్ చేశాను. ఆయన ముందు నమ్మలేదు, తర్వాత ఏడ్చాడు, తర్వాత ఏవో జోకులు వేశాడు. నువ్వొస్తే నా ఇష్టారాజ్యం పోతుందే అన్నాడు. మళ్ళీ వచ్చి పాస్‌వర్డ్ కొడితే నీ చేప నవ్వింది."

"వెంటనే ఆయనకి చెప్పారా, పరీక్ష అని?"

"సాయంత్రం దాకా నోరు రాలేదు. ఈలోపు ఆయన పొద్దున పూట వంట చేసిపెట్టే ఆమెకి వచ్చే నెల నుంచి అక్కర్లేదని చెప్పేశాడు. ఆమె ఆ పూటే వేరే ఇంట్లో ఒప్పుకుంది." అక్క దారం కొరికి ముడి వేసింది. "పనుందమ్మాయ్. తర్వాత రా."

తాళాలమ్మ వెనక్కి మెట్లెక్కింది. ఆ వారమంతా మళ్ళీ కిందికి వెళ్ళలేదు. వెళ్ళాలనుకున్న ప్రతిసారీ ఏదో ఒక పని కల్పించుకుంది.

సరిగ్గా పదహారు రోజులకు నిజం జాబితా వచ్చింది. నోటీసు బోర్డు దగ్గర గుమిగూడిన జనంలో ఎక్స్‌రే గది అతను గొణుగుతున్నాడు. మూడేళ్ళ సీనియారిటీ ఉన్నవాళ్ళు లేరు, నిన్నగాక మొన్న అడిగినవాళ్ళున్నారు. జాబితా అడుగున చిన్న అక్షరాల్లో ఒక పంక్తి: సమాచార భద్రత పరీక్షలో విఫలమైనవారి దరఖాస్తులు ఏడాది పాటు పరిశీలించబడవు.

తాళాలమ్మ ఆ పంక్తిని మూడుసార్లు చదివి, తిన్నగా సిబ్బంది విభాగానికి వెళ్ళింది. అక్కడి ముఖ్య గుమాస్తా, తన క్లాసులో మొదటి వరసలో కూర్చుని రాసుకునే ఆమె, టీ తాగుతోంది.

"విఫలమైనవాళ్ళెవరో మీకెలా తెలిసింది? నేను పేర్లివ్వలేదే."

"పేర్లివ్వలేదు మేడమ్, వరసలిచ్చారుగా." ఆమె సొరుగులోంచి నీలం అట్ట పుస్తకం తీసి పేజీ మడత విప్పింది. "ఇందులోనే ఉంది. అవే గింజలైతే అదే పిండి. మా దగ్గర రెండువందల పన్నెండు నంబర్లూ ఉన్నాయి. అన్నీ అదే హాష్‌లో పోసి మీ కాగితంతో కలిపి చూసుకున్నాం. టీ చల్లారేలోపు అయిపోయింది. మీ ఉదాహరణలు భలే ఉంటాయి మేడమ్, ఎవరికైనా అర్థమైపోతాయి."

ఆమె మాటల్లో వెటకారం లేదు. నిజంగానే మెచ్చుకుంది.

"ముందు తయారైన జాబితాలో రికార్డుల అక్క పేరు ఉందా?" అని అడిగింది తాళాలమ్మ.

"రెండో పేరే ఆవిడది. కొట్టేశాం."

పాలనాధికారి గదిలో ఆమె మొదటిసారి గొంతు పెంచింది. ఆయన పెంచలేదు. బల్ల తుడుస్తూ విన్నాడు.

"సార్, పేర్లు బయటపడవని నా సంతకంతో మాటిచ్చాను."

"నేనెప్పుడైనా పేర్లడిగానా అమ్మా? నువ్విచ్చిన కాగితమే. అది తెరుచుకుంటుందని నాకేం తెలుసు? తాళాలు నీ విద్య."

"ఆవిడ ఆ పుస్తకం రాసిన మనిషి సార్."

"అందరికన్నా తెలిసిన మనిషే పడిందంటే మరీ ప్రమాదం కదా. ఒక్కరికి మినహాయింపు ఇస్తే మిగతా అరవై మంది ఊరుకుంటారా?" గుడ్డ మడత పెట్టి పక్కన పెట్టాడు. "తనిఖీ వాళ్ళకి నీ పరీక్ష బాగా నచ్చింది. నీ ఉద్యోగం ఖాయం చెయ్యమని నేనే రాశాను."

ఆ సాయంత్రం ఆమె ఆసుపత్రి యాజమాన్యానికి ఉత్తరం రాసింది. ఉప్పు కలపని వరసలు బలహీనమైనవని, ఆ తప్పు తనదేనని, సిబ్బందికి ఇచ్చిన మాట తప్పినట్టయిందని, జాబితా మళ్ళీ వెయ్యాలని. రాజీనామా అన్న మాట కూడా ఒక పంక్తిలో రాసి, కాసేపు చూసుకుని, చెరిపేసింది. కంచే చేను మేసిందన్న సామెత ఎవరైనా అంటారేమోనని వారం రోజులు భయపడింది. ఎవరూ అనలేదు. ఆమెకు అదే ఎక్కువ బాధ అనిపించింది.

అక్కకు తానే చెప్పాలనుకుని కిందికి దిగింది. అన్నీ చెప్పింది. ఆ రోజు అరగంట కలిసొస్తుందని ఉప్పు కలపలేదని కూడా చెప్పింది. అక్క కళ్ళజోడు తీసి తాడుకు వదిలేసి, పూర్తిగా వింది. వివరించాల్సిన పని లేకపోయింది.

"నా కోసం పరిగెత్తుకొస్తూ నా పేరు పారేసుకున్నావన్నమాట."

"నాదే తప్పక్కా. యాజమాన్యానికి రాశాను."

"పిండి సంగతి వదిలెయ్. అరగంట బద్ధకం ఎవరికైనా వస్తుంది." అక్క గొంతు మామూలుగానే ఉంది. "ఆ ఎర నీకెలా తట్టింది?"

తాళాలమ్మ రెండో కుర్చీ మీది ఫైళ్ళు సర్దబోయింది.

"నేనే చెప్పాను కదూ" అంది అక్క. "ఇదిగో, ఈ కుర్చీలో కూర్చునే చెప్పాను. రోజూ ముందు అదే చూస్తానని. అప్పుడు నువ్వు నవ్వావు కూడా."

"మీరు పడతారనుకోలేదు."

"నన్ను పట్టడానికి కాదులే. నాలాంటి వాళ్ళని." అక్క మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుంది. "ఇంట్లో కూర్చోబెట్టి అన్నం పెడితే వాసాలు లెక్కపెట్టుకున్నావు. పోనీలే, వెళ్ళు."

మూడు వారాలకు యాజమాన్యం నుంచి జవాబు వచ్చింది. లోపాన్ని నిజాయితీగా తెలియజేసినందుకు అభినందనలు. జాబితా మార్చడం కుదరదు. తదుపరి పరీక్షలలో ఉప్పు తప్పనిసరిగా వాడవలెను. దానితో పాటే ఇంకో కాగితం, ఆమెను నాలుగు శాఖలకూ భద్రతాధికారిగా ఖాయం చేస్తూ. ఆమె సంతకం పెట్టింది. ఇంటి దగ్గర తమ్ముడి చదువు ఉంది, అమ్మ మందులున్నాయి అని తనకు తాను చెప్పుకుంది. అవి ఉన్నమాట నిజమే. కానీ సంతకం పెట్టేటప్పుడు గుర్తొచ్చింది అవి కావు. ఇంత పెద్ద పని ఇంత చిన్న వయసులో ఎవరికొస్తుంది అన్నదే గుర్తొచ్చింది.

అక్క ఏడాది ఆగలేదు. ఇంకా అయిదేళ్ళ సర్వీసు ఉండగానే రాజీనామా కాగితం పెట్టేసింది. ఆఖరి రోజున తన లాగిన్ మూయించడానికి తాళాలమ్మ గదికే రావలసి వచ్చింది. అది నియమం. ఫారం మీద అన్ని గళ్ళూ నింపింది. తాళాల గుత్తి లెక్క పెట్టి అప్పజెప్పింది. రికార్డుల గదిలో ఏ అర తలుపు ఎత్తి పట్టుకుంటే గాని మూతపడదో, ఏ ఏడాది ఫైళ్ళకు చెదలు తగిలిందో తెల్లకాగితం మీద రాసి ఇచ్చింది. అందరూ వరండాలో ఫొటో తీసుకుంటుంటే తాళాలమ్మ కిటికీ దగ్గర నిలబడి చూసింది. ఎవరూ పిలవలేదు. పిలిస్తే వెళ్ళేదో లేదో ఆమెకే తెలియదు.

ఎనిమిది నెలల తర్వాత ఆ ఊరి శాఖలో క్లాసు చెప్పడానికి వెళ్ళింది. క్లాసు పన్నెండింటికే అయిపోయింది. టైలరు దుకాణం ఎక్కడని అడిగితే రిక్షా అతను సందు చూపించాడు. కింద షట్టరు దించేసి ఉంది. పక్కనున్న మెట్లు ఎక్కి తలుపు కొట్టింది.

టైలరే తీశాడు. సన్నటి మనిషి, భుజం మీద కొలతల టేపు. తల కాస్త పక్కకు వంచి, ఉన్న కొద్దిపాటి చూపులోకి ఆమె ముఖం తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు.

"ఎవరమ్మా?"

ఆమె ఏ ఆసుపత్రి నుంచి వచ్చిందో చెప్పింది.

"తాళాల అమ్మాయివా? రా రా, కూర్చో. మీ అక్క నీ గురించి ఎన్ని కబుర్లు చెప్పేదని. పక్క వీధి క్లినిక్కులో రోగులకి చీటీలు రాస్తోంది, భోజనానికి వస్తుంది." ఆయన తడుముకోకుండా నడిచి కుర్చీ లాగి వేశాడు. "ఆ పుస్తకం నాకు చదివి వినిపించింది. గింజలు, పిండి, అన్నీ. నేను ఆ గాలం ముక్క దగ్గర తెగ నవ్వాను."

ఆయనకు అసలు సంగతి తెలియదు. ఆ మెయిల్ ఎవరు రాశారో అక్క చెప్పలేదు. పై అధికారులెవరో చేసిన పనిగానే ఆయనకు తెలుసు. "ఆ రోజు ఫోన్లో దాని గొంతు నువ్వు వినాల్సిందమ్మా. పెళ్ళయిన కొత్తలో కూడా అలా మాట్లాడలేదు. ఎవడు చేశాడో గాని, వాడి చేతులు పడిపోను" అన్నాడు. అని, అతిథి ముందు అలా అన్నందుకు సిగ్గుపడి, మంచినీళ్ళు తెస్తానని లేచాడు.

మెట్ల మీద చప్పుడైంది. అక్క చేతిసంచీతో లోపలికి వచ్చి, కుర్చీలో ఉన్న మనిషిని చూసి ఆగింది. చిక్కిపోయింది. కళ్ళజోడు తాడు మారింది.

"నీ తాళాల అమ్మాయి వచ్చిందే" అన్నాడు టైలరు లోపలి నుంచి.

"చూశాను" అంది అక్క.

ఇద్దరూ మెట్ల మీదికి వచ్చి నిలబడ్డారు. అక్క తలుపు దగ్గరగా వేసింది.

"ఆయనకి నేనని చెప్పలేదా అక్కా?"

"చెబితే ఏమొస్తుంది? ఆయనకి ఆ పుస్తకం ఇష్టం. రాసిన పిల్ల మంచిదనుకుంటాడు. చూపు పోతున్న మనిషి, చెవిలో పడ్డవే దాచుకుంటాడు. అందులో ఇంకోటి పాడుచెయ్యడం దేనికి?"

"మీకు ఏదైనా సాయం కావాలంటే... ఇక్కడి శాఖలో మాట్లాడతాను."

"క్లినిక్కులో బాగానే ఉంది. జీతం సగం, నడక నాలుగు నిమిషాలు." అక్క చేతిసంచీ చెయ్యి మార్చుకుంది. "ఇంకా వేస్తున్నావా అమ్మాయ్, ఎరలు?"

"ఏడాదికి రెండుసార్లు. నియమం."

"ఉప్పు కలుపుతున్నావా?"

"కలుపుతున్నాను."

"ఎరలెక్కడివి?"

ఆ ఊరి శాఖలో పొద్దున క్లాసయ్యాక టీ తాగుతూ అందరూ తమ తమ బాధలు తాళాలమ్మకు చెప్పుకున్నారు. ఆమె విన్నది. వినేటప్పుడు మనసులో ఒక మూల రాసుకుంది కూడా.

"ఇంకెప్పుడూ ఇక్కడికి రాకు" అంది అక్క. తిట్టినట్టు లేదు, దారి చెప్పినట్టుంది. "నువ్వొస్తే ఆయన సంతోషపడతాడు. ఆయన సంతోషపడుతుంటే పక్కన నిలబడి ఊరుకోవడం నా వల్ల కాదు. మీ ఊరి బస్సు రెండున్నరకి. ఇప్పుడు బయల్దేరితే దొరుకుతుంది."

లోపల గ్లాసు చప్పుడు వినిపించింది. టైలరు నీళ్ళు తీసుకుని తలుపు దాకా వచ్చాడు. "వెళ్ళిపోతోందా అప్పుడే?" అని అడిగాడు.

"పనుందట" అని అక్క ఆయన చేతిలోంచి గ్లాసు అందుకుంది. తాళాలమ్మ మెట్లు దిగి సందు చివరికి నడిచింది. బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. కిటికీ పక్కన చోటు దొరికింది.